పిల్లలకు పాటీ ట్రైనింగ్ నడుస్తున్నప్పుడు పాడైన బట్టలు ఉతకడం ఎలా?

మా వాడికి రెండేళ్లు దాటాక డైపర్ మాన్పించాం. ఇంట్లో పనులు పంచుకున్నాం. వాణ్ని గంటగంటకీ పాటీ మీద కూర్చోబెట్టడం మా ఆవిడ వంతు, కూర్చోబెట్టేలోగా జరిగిపోయినవాటి సంగతి చూడటం నా వంతు. మొదటి రోజే గీజర్ వేసి, పొగలొచ్చే వేణ్నీళ్లు బకెట్లో పట్టి, కక్క అంటిన నిక్కరు అందులో ముంచాను. వేడికి క్రిములు చస్తాయి, మరకా వదులుతుంది అనుకున్నాను. నిక్కరు శుభ్రపడింది గానీ పచ్చటి మరక మాత్రం ఇప్పటికీ అలాగే ఉంది. మలంలో ప్రొటీన్లు ఉంటాయి. కోడిగుడ్డు సొన వేడి తగిలితే గట్టిపడ్డట్టే అవీ గట్టిపడి దారాల మధ్య ఇరుక్కుంటాయి. అందుకే మొదటి నీళ్లు ఎప్పుడూ చన్నీళ్లే. వేణ్నీళ్ల పని మరక వదిలాకే.

ముందు సిద్ధం చేసుకోవలసినవి

నిక్కర్లు లెక్కపెట్టుకోండి. మొదటి వారంలో రోజుకు ఆరేడు తడవడం మామూలే. ఉతికినవి ఆరేదాకా చేతిలో ఉండాలంటే కనీసం 12 నుంచి 15 కావాలి. ఖరీదైనవి అక్కర్లేదు. కోఠి వైపో, సికింద్రాబాద్ జనరల్ బజార్ వైపో వెళ్లినప్పుడు పల్చటి నూలు నిక్కర్లు ఎక్కువ తెచ్చుకోండి. లోపల మూడు నాలుగు పొరలు కుట్టిన ట్రైనింగ్ ప్యాంట్లు చూడటానికి బాగుంటాయి, కానీ పొర ఎక్కువైన కొద్దీ ఆరడానికి అంత సమయం పడుతుంది. జిప్పులు, బొత్తాలు వద్దు. వాడంతట వాడు కిందికి లాక్కోగలిగేలా ఎలాస్టిక్ కాస్త వదులుగా ఉండాలి. ఆ ఒక్క జాగ్రత్తతోనే ఉతికే బట్టలు సగం తగ్గుతాయని నా నమ్మకం.

మూత గట్టిగా పట్టే బకెట్లు రెండు తీసుకోండి, సుస్సు బట్టలకు ఒకటి, కక్క బట్టలకు ఒకటి. పాత టూత్‌బ్రష్షు, రబ్బరు గ్లవ్స్, ఈ పనికి మాత్రమే వాడే మగ్గు కూడా ఉండాలి. మగ్గు రంగు వేరేదైతే మంచిది, లేకపోతే ఎవరో ఒకరు దాంతోనే స్నానం చేసేస్తారు.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. నీళ్లున్న బకెట్టు పసిపిల్లలకు ప్రమాదం. తల బరువుగా ఉండే వయసు కాబట్టి లోపలికి తొంగి చూస్తూ బోర్లా పడితే తమంతట తాము లేవలేరు. మునిగిపోవడానికి జానెడు నీళ్లు కూడా అక్కర్లేదు. బట్టలు నానబెట్టిన బకెట్టుకు మూత పెట్టి, బాత్రూం తలుపుకు బయట గడియ వేయండి. పని కాగానే నీళ్లు పారబోసి బకెట్టు బోర్లించండి.

సుస్సు బట్టలు

ఇవి సులభం, ఒకే ఒక్క షరతు మీద. తడిసిన గంటలోపు జాడించాలి. తాజా మూత్రానికి పెద్దగా వాసన ఉండదు. అందులోని యూరియాను బ్యాక్టీరియా విడగొట్టి అమ్మోనియా చేసినప్పుడే ముక్కుపుటాలు అదిరే ఆ ఘాటు పుడుతుంది. సాయంత్రం అన్నీ కలిపి ఉతుకుదాం అని ఉండచుట్టి మూల పడేస్తే, ఎంత సర్ఫు పోసినా ఆ వాసన ఒక పట్టాన వదలదు.

కుళాయి కింద రెండు సార్లు చన్నీళ్లతో జాడించి, పిండి, బకెట్టు అంచున విడివిడిగా వేలాడదీయండి. మూత వేసి కుక్కకండి. రోజుకొకసారి అన్నీ కలిపి మెషిన్లో వేయొచ్చు.

కక్క బట్టలు

గట్టిగా ఉంటే అదృష్టం. నిక్కరును టాయిలెట్ మీద పట్టుకుని తిరగేసి దులిపితే చాలా మటుకు పడిపోతుంది. పలచగా ఉంటే టాయిలెట్ పక్కనుండే జెట్‌తో కొట్టాలి. ఇక్కడ చాలామంది చేసే తప్పు, మరక ఉన్న వైపు నుంచే నీళ్లు కొట్టడం. దాంతో అది గుడ్డ లోపలికి ఇంకా దిగుతుంది. నిక్కరు తిరగేసి వెనక వైపు నుంచి కొట్టండి, వచ్చిన దారినే బయటికి పోతుంది. జెట్ నెమ్మదిగా తిప్పండి. పూర్తిగా తిప్పితే ఏమవుతుందో గోడ టైల్స్ కడుగుతూ తెలుసుకున్నవాణ్ని.

వాష్‌బేసిన్‌లో, వంటింటి సింకులో, వాష్ ఏరియా కాలువలో ఈ పని పెట్టుకోవద్దు. పసివాడిదే కదా, ఏం కాదులే అంటుంటారు పెద్దవాళ్లు. పసివాళ్ల మలంలోనూ రోగాలు తెచ్చే క్రిములుంటాయి. అది టాయిలెట్లోకే వెళ్లాలి. తుడిచిన వైప్స్ మాత్రం టాయిలెట్లో వేయకండి, పైపులు మూసుకుపోతాయి. వాటి చోటు చెత్తబుట్ట.

ఆ తర్వాత గోరువెచ్చని నీళ్లలో డిటర్జెంటు కలిపి అరగంట నానబెట్టండి. కవరు మీద ఎంజైములున్నాయని రాసి ఉన్న పొడి అయితే మేలు. అవి ప్రొటీన్లను ముక్కలు చేస్తాయి, గోరువెచ్చటి నీళ్లలో బాగా పనిచేస్తాయి, మరిగే నీళ్లు పోస్తే పనికిరాకుండా పోతాయి. నానాక ఎలాస్టిక్ మడతల్లో, కుట్ల దగ్గర బ్రష్షుతో రుద్దండి. మిగిలిపోయేది అక్కడే. చివరగా మీ చేతులు సబ్బుతో కడుక్కోండి. గ్లవ్స్ వేసుకున్నా సరే.

ఏ నీళ్లతో ఉతుకుతున్నారు?

నెల రోజులకు మా వాడి నిక్కర్లు అట్టల్లా బిరుసెక్కాయి. ఉతికి ఆరేసినప్పుడు వాసన ఉండదు, వాడు మళ్లీ తడపగానే పాత వాసన కూడా లేచి వచ్చేది. సర్ఫు తక్కువైందేమోనని ఇంకో చెంచా వేశాను. ఇంకా బిరుసెక్కాయి. అసలు విషయం మా అమ్మ చెప్పింది: "సర్ఫు కాదురా, బోరు నీళ్లు."

హైదరాబాద్‌లో చాలా ఇళ్లకు రెండు రకాల నీళ్లు. కృష్ణ నుంచి వచ్చినా, గోదావరి నుంచి వచ్చినా మున్సిపల్ నీళ్లకు మన ఇళ్లలో పేరు మంజీరా నీళ్లే. రెండోది బోరు. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువ కాబట్టి నురగ సరిగా రాదు. సబ్బు ఆ లవణాలతో కలిసి తెట్టులా మారి బట్టను అంటుకుంటుంది. ఆ తెట్టులో మూత్రం మిగులు కూడా ఇరుక్కుంటుంది. బిరుసుకూ, వాసనకూ, పిల్లల తొడల మధ్య ఒరుసుకుపోవడానికీ మూలం అదే.

కాబట్టి మురికి వదిలించే మొదటి జాడింపులన్నీ బోరు నీళ్లతో కానివ్వండి, ఎన్ని పోసినా పరవాలేదు. సబ్బు కలిపే నీళ్లు, ఆఖరి జాడింపు మాత్రం మంజీరా నీళ్లతో చేయండి. కొన్ని ఫ్లాట్లలో వంటింట్లో దానికి వేరే కుళాయి ఉంటుంది, ఒక బకెట్టు పట్టుకుంటే ఆ రోజుకు సరిపోతుంది. సంపులో రెండూ కలిసిపోయే అపార్ట్‌మెంటయితే, లేదా ఎండాకాలంలో ట్యాంకర్ల మీదే బతికే కాలనీ అయితే, నానబెట్టే నీళ్లలో ఒక చెంచా బట్టల సోడా వేయండి. అది నీళ్ల కాఠిన్యాన్ని తగ్గిస్తుంది. ఇది వంటసోడా కాదు, చేతులకు మంట పుట్టిస్తుంది కాబట్టి గ్లవ్స్ తప్పనిసరి. ఇప్పటికే బిరుసెక్కినవాటిని సబ్బు లేకుండా, వేడినీళ్లలో సోడా కలిపి ఓ గంట ఉంచి, మూడు నాలుగు సార్లు జాడించండి. మొదటి నీళ్లు ఏ రంగులో వస్తాయో చూస్తే ఆశ్చర్యపోతారు.

మెషిన్లో వేసేటప్పుడు

ఇంట్లోవాళ్ల బట్టలతో కలపకండి. డ్రమ్ము నిండా కుక్కకండి. నూలు బట్టలే కాబట్టి, మీ మెషిన్‌లో నీళ్లు వేడిచేసే సదుపాయం ఉంటే 60 డిగ్రీల మీద పెట్టండి. మరక ముందే వదిలింది కనుక ఇప్పుడు వేడి మంచిదే. జాడింపు ఒకటి ఎక్కువ పెట్టండి. మెత్తదనం కోసం, సువాసన కోసం పోసే ఫ్యాబ్రిక్ కండిషనర్ వద్దు. అది దారాల మీద పూతలా పట్టి తడి పీల్చకుండా చేస్తుంది. అప్పుడు సుస్సు నిక్కర్లో ఆగదు, సోఫా మీదికి పోతుంది.

బ్లీచ్ జోలికి పోకపోవడమే మంచిది. మూత్రం ఉన్న బట్ట మీద బ్లీచ్ పడితే ఊపిరితిత్తులకు హాని చేసే వాయువులు పుడతాయి. వెనిగర్‌తో కలిస్తే క్లోరిన్ వస్తుంది. కిటికీ సరిగా లేని ఇరుకు బాత్రూంలో ఇది ఆటలు కాదు.

ఆరేయడం

మిగిలిపోయిన పచ్చదనానికి ఎండను మించిన మందు లేదు. తడి నిక్కరును మరక పైకి వచ్చేలా డాబా మీద దండానికి వేయండి. మన ఏప్రిల్ ఎండలో ఒక్క పూట చాలు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అసలు తిప్పలు. బాల్కనీలో ఒకదానిమీద ఒకటి వేస్తే ముక్కవాసన పట్టుకుంటుంది. గదిలో ఫ్యాను కింద విడివిడిగా వేసి, కాస్త చెమ్మ ఉండగానే ఇస్త్రీ చేయండి.

పరుపు, నేల

నేల మీద పోస్తే తడి మాపుతో తుడిచేయాలనిపిస్తుంది. అలా చేస్తే గదంతా పులుముకుంటుంది. ముందు పాత గుడ్డ వేసి అద్ది పీల్చేయండి, తర్వాతే సబ్బు నీళ్లు, ఫినాయిలు.

పరుపైనా అంతే. రుద్దకండి, పొడి తువాలు వేసి బరువుగా అదమండి. వెనిగర్, నీళ్లు సగం సగం కలిపి చిలకరించి, మళ్లీ అద్ది, ఆరనివ్వండి. ఆరాక వంటసోడా చల్లి రాత్రంతా ఉంచి పొద్దున దులిపేయండి. ఇంత శ్రమ లేకుండా ఉండాలంటే పక్క రెండు అంతస్తులుగా వేయండి: రబ్బరు షీటు, దాని మీద దుప్పటి, మళ్లీ రబ్బరు షీటు, మళ్లీ దుప్పటి. అర్ధరాత్రి తడిస్తే పై రెండూ లాగేసి, నిద్ర చెడకుండా పడుకోవచ్చు. మా అమ్మ రబ్బరు షీటు మీద పాత నూలు చీరను నాలుగు మడతలు వేసి పరిచింది. దుప్పటి కంటే అదే త్వరగా ఆరింది.

బయటికి వెళ్తే, ఇంట్లో బాగోకపోతే

బ్యాగులో రెండు నిక్కర్లు, ఒక ప్యాంటు, జిప్ ఉన్న ప్లాస్టిక్ కవరు ఒకటి పెట్టుకోండి. ప్లేస్కూల్ నుంచి ముడి వేసిన కవరు వస్తే చెప్పులు విడిచేలోపే విప్పండి. ఒకసారి శుక్రవారం కవరును నేను సోమవారం విప్పాను. ఎలా ఉందో ఇక్కడ రాయను.

విరేచనాలవుతుంటే ఆ బట్టలు పూర్తిగా విడిగా ఉతకండి, ఆ రోజులకు 60 డిగ్రీల ఉతుకు మానొద్దు. వాటిని పట్టుకున్న చేత్తో వాడికి అన్నం కలిపేముందు సబ్బుతో మరోసారి కడుక్కోండి.

పనికి వచ్చే ఆమెకు ఇచ్చేట్టయితే, మలం వదిలించి జాడించాకే ఇవ్వండి, అదీ ముందే మాట్లాడుకుని, గ్లవ్స్ ఇచ్చి. చెప్పకుండా మామూలు బట్టల్లో కలిపేయడం మర్యాద కాదు.

ఇక వాడి ముందు ముక్కు మూసుకుని ఛీ ఛీ అనకండి. భయపడ్డ పిల్లలు బిగబట్టుకుంటారు, దాంతో మలబద్ధకం వస్తుంది, తర్వాత తెలియకుండానే నిక్కర్లో కొద్దికొద్దిగా పోతుంది. అవే ఉతకడానికి అన్నిటికంటే కష్టమైన మరకలు. తడి నిక్కరు బకెట్లో వేసే పని వాడికే ఇవ్వండి. మూత మీరు తీయండి, మీరే పెట్టండి.

పగలు అడగడం నేర్చుకున్నారని రబ్బరు షీటు అప్పుడే అటక ఎక్కించకండి. రాత్రిళ్లు పక్క తడపకుండా ఉండటానికి ఇంకా నెలలు, కొందరికి ఏళ్లు పడుతుంది. మా ఇంట్లో సుస్సు బకెట్టు బియ్యం డబ్బా పక్కన కొత్త ఉద్యోగంలో చేరబోయింది గానీ, మా ఆవిడ ఒప్పుకోలేదు.