షుగర్ పుస్తకంలో మనసు గడి: నాలుగో పాఠం

కిందటి పాఠాల్లో షుగర్ పుస్తకం గీసుకున్నాం. తేదీ, పరగడుపు షుగర్, తిన్న రెండు గంటలకు షుగర్, వేసుకున్న గోలీలు రాస్తున్నారు కదా. ఈ వారం కుడిపక్కన ఇంకో నిలువు గడి గీసి పైన ‘మనసు’ అని రాయండి.

ఎందుకో ముందు చెప్తాను. షుగర్ ఉన్నవాళ్లలో డిప్రెషన్, లేనివాళ్లలో కంటే దాదాపు రెట్టింపు కనిపిస్తుందని అనేక అధ్యయనాలను కలిపి చూసి 2001లో తేల్చారు. ‘జబ్బు రంది ఉండదా మరి’ అంటారు మనవాళ్లు. రంది నిజమే, కానీ కారణం అదొక్కటే కాదు. పొట్టలో పేరుకున్న కొవ్వులోకి రోగనిరోధక కణాలు చేరి ఐఎల్-6, టీఎన్ఎఫ్-ఆల్ఫా లాంటి రసాయనాలను వదులుతుంటాయి. ఇన్సులిన్ పనికి అడ్డుపడేవీ ఇవే, మెదడుకు ‘ఒంట్లో బాగాలేదు’ అని కబురు పంపేవీ ఇవే. జ్వరమొస్తే అన్నం సయించదు, ఎవరు పలకరించినా విసుగు, ముసుగు తన్ని పడుకోవాలనిపిస్తుంది. అదంతా ఈ కబురు ఫలితమే. జ్వరం నాలుగు రోజుల్లో పోతుంది. షుగర్‌లో ఉండే ఈ ఇన్‌ఫ్లమేషన్, అంటే ఒంటి లోపలి వాపు మాత్రం నివురుగప్పిన నిప్పులా ఏళ్ల తరబడి ఉంటుంది. మనసును కుదురుగా ఉంచడంలో పాత్ర ఉన్న సెరటోనిన్ అనే మెదడు రసాయనం తయారీకి కావలసిన ట్రిప్టోఫాన్ అనే ముడిసరుకును కూడా అది వేరే దారి పట్టిస్తుంది.

ఇది ఊహ కాదు. ఒకప్పుడు హెపటైటిస్-సి అనే కాలేయ జబ్బుకు ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు ఇచ్చేవారు. అవి ఇన్‌ఫ్లమేషన్‌ను పెంచుతాయి. అంతకుముందు ఏ దిగులూ లేనివాళ్లు కూడా ఎంతోమంది ఆ మందు మీద ఉండగా డిప్రెషన్‌లో పడ్డారు. అందుకే మంచం దిగని మనిషిని ‘ధైర్యం లేదు’, ‘బద్ధకం’ అని తిట్టకండి. ఆ మాట నన్ను చాలా బాధపెడుతుంది.

ఇక పని. రోజూ రాత్రి రెండు ప్రశ్నలు వేసుకోండి. ఈరోజు ఏ పని మీదా ఆసక్తి లేకుండా పోయిందా? అయితే గడిలో ‘ఆ’ అని రాయండి. దిగులుగా, ఆశ లేనట్టు ఉందా? ‘ది’ అని రాయండి. రెండూ లేకపోతే గీత. ఇంట్లో పెద్దవాళ్ల పుస్తకం మీరు రాస్తుంటే ప్రశ్నను మన మాటలోనే అడగండి: ‘బాపూ, ఇయ్యాల ఏ పనన్నా చెయ్యబుద్ధయిందా?’ ‘ఏమున్నది బిడ్డా, పొద్దువోతలేదు గంతే’ అంటే అదీ ‘ఆ’ కిందికే వస్తుంది.

పద్నాలుగు రోజులయ్యాక ‘ఆ’లు, ‘ది’లు విడివిడిగా లెక్కపెట్టండి. ఒక్కటీ లేకున్నా, ఒక్కటే ఉన్నా 0. రెండు నుంచి ఆరు దాకా ఉంటే 1, ఏడు నుంచి పదకొండు దాకా 2, ఆ పైన 3. రెండు మార్కులూ కలిపి 3 గానీ అంతకు మించి గానీ వస్తే పుస్తకం పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. డిప్రెషన్ అనుమానం ఉందా అని చూడటానికి డాక్టర్లు వాడే పీహెచ్‌క్యూ-2 అనే రెండు ప్రశ్నలు ఇవే. ఇది జల్లెడ మాత్రమే, డిప్రెషన్ అని ఖాయం చేసేది డాక్టరే.

ఒక పేజీ చదువుదాం. కాజీపేటలో రైల్వే నుంచి రిటైరైన ఒక పెద్దమనిషిది అనుకోండి. మొదటి అయిదు రోజులు పరగడుపు షుగర్ 130, 140 మధ్య, మనసు గడిలో గీతలే. ఆరో రోజు 158, ‘ఆ’. ఎనిమిదో రోజు 176, ‘ఆ, ది’. చివరికి ‘ఆ’లు ఎనిమిది, ‘ది’లు నాలుగు. అంటే 2, 1 కలిపి 3. గోలీలు ఒక్కపూటా తప్పలేదు. మరి షుగర్ ఎందుకు పెరిగింది? గోలీల గడి అంచున సన్నగా రాసి ఉంది: ‘ఎడమకాలి వేళ్ల నడుమ పుండు’. ఇన్‌ఫెక్షన్ వస్తే ఇన్‌ఫ్లమేషన్, షుగర్ రెండూ పెరుగుతాయి, మనసు కుంగడానికీ అది తోడవ్వచ్చు. అందుకే ‘ఆ’లు వరుసగా పడుతుంటే ఆ రాత్రే పాదాలు, వేళ్ల సందులు, చిగుళ్లు చూడండి. పళ్లు తోమితే నెత్తురు వస్తే దాన్నీ రాయండి.

వాపు అన్నారు కదా అని మెడికల్ షాపులో డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి గోలీలు కొని మింగొద్దు. షుగర్ ఉన్నవాళ్ల కిడ్నీలకు అవి ప్రమాదం. సీఆర్‌పీ అనే రక్తపరీక్ష ఇన్‌ఫ్లమేషన్ ఎంతుందో చెప్తుంది తప్ప డిప్రెషన్ ఉందో లేదో చెప్పదు, సొంతంగా చేయించుకోనక్కర్లేదు. ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ అనే షుగర్ గోలీ వాడుతుంటే మాత్రం విటమిన్ బీ12, దాంతోపాటు థైరాయిడ్ చూడాలా అని డాక్టర్‌ను అడగండి. ఇవి తేడా వచ్చినా మనిషి ఇలాగే నీరసపడతాడు.

బతకాలని లేదన్న మాట నోటి నుంచి వస్తే పద్నాలుగు రోజులు ఆగొద్దు, మనిషిని ఒంటరిగా వదలొద్దు. వెంటనే 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ నంబర్, పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్యులు ఉంటారు.

రెండు వారాలు రాయండి. మార్కు 3 దాకా రాకపోయినా ఆ పేజీ చింపొద్దు. వచ్చే పాఠంలో దాని మీదే నిద్ర, నడక ఎక్కిస్తాం.