మెస్ బోర్డుకి లావుపాటి స్లాబ్ సెరిఫ్ ఎలా వాడాలి

బెంగళూరులో ఆంధ్రా మెస్సో, పచ్చళ్ల కొట్టో పెడుతున్నవాళ్లు బోర్డు చేయమని వస్తే, ఇంగ్లీషు పేరుకి నేను ముందు చూపించేది బోల్డ్ స్లాబ్ సెరిఫ్ ఫాంటే. ఇంగ్లీషు పెద్ద ఐ చూడండి, పైనా కిందా మందంగా అడ్డపట్టీలుంటే అదే. టైమ్స్ న్యూ రోమన్‌లో ఆ కొసలు సన్నగా ముగుస్తాయి, ఇందులో నిలువుగీత ఎంత లావో కొసలూ దాదాపు అంతే లావు. 19వ శతాబ్దం మొదట్లో ఇంగ్లండ్‌లో పోస్టర్లు, ప్రకటనలు పెరిగాక దారిన పోయేవాళ్ల కంటబడటానికి పుట్టిన అక్షరాలివి.

కొస వంపు తిరిగి గీతలో కలిసిపోతే 1845 నాటి క్లారెండన్ తరహా, మెస్సులకీ పచ్చళ్లకీ నాకిదే ఇష్టం. మూలమట్టం పెట్టి కోసినట్టు తిన్నగా అతుక్కుంటే 1934లో వచ్చిన రాక్‌వెల్ తరహా, జిమ్ముకో హార్డ్‌వేర్ షాపుకో బాగుంటుంది. ఉచితంగా కావాలంటే గూగుల్ ఫాంట్స్‌లో ఆల్ఫా స్లాబ్ వన్, రోబోటో స్లాబ్ ఉన్నాయి.

అసలు జాగ్రత్త అక్షరాల కడుపులో ఉండే ఖాళీల దగ్గర. మారతహళ్లిలో ఒక మెస్సుకి నేను చేసిన బోర్డు కంప్యూటర్‌లో అద్భుతంగా కనిపించింది, తీరా కట్టాక రోడ్డు అవతల నిలబడి చూస్తే స్మాల్ a, e అక్షరాలు పూడుకుపోయి పేరే చదవడం రాలేదు, ఆ ఓనరు ముఖం చూసి చాలా బాధపడ్డాను, మళ్లీ నా ఖర్చుతోనే చేసిచ్చాను. అప్పటినుంచి అన్నీ క్యాపిటల్స్‌లో పెట్టి, మందం ఒక మెట్టు తగ్గించి, అక్షరాల మధ్య కాస్త ఎడం ఇస్తున్నాను. పది అడుగుల దూరానికి ఒక అంగుళం ఎత్తు లెక్క, అంటే నలభై అడుగుల అవతల నుంచి హాయిగా చదవాలంటే కనీసం నాలుగు అంగుళాలు.

కర్ణాటకలో బోర్డు మీద 60 శాతం కన్నడ ఉండాలి కాబట్టి ఇంగ్లీషుకి, తెలుగుకి మిగిలే చోటు తక్కువ, పేరు రెండు మూడు మాటలు దాటకూడదు. మన గుండ్రటి అక్షరాలకి స్లాబ్ పాదాలు ఉండవు, అతికించాలని చూడకండి, మందం మాత్రం సరిపోల్చండి. కన్నడకి బాలూ తమ్మ, తెలుగుకి బాలూ తమ్ముడు ఫాంట్లు పెడితే రెండూ నిజంగా అన్నదమ్ముల్లాగే ఉంటాయి. తెలుగు వరస కింద వత్తులకి చోటు వదలండి, లేకపోతే అవి వెళ్లి ఇంగ్లీషు క్యాపిటల్స్‌కి తగులుతాయి.

మెనూలో స్లాబ్ ఫాంటు హెడ్డింగులకే. కూరల పేర్లన్నీ ఇందులోనే కొడితే కళ్లు లాగేస్తాయి, వాటికి మామూలు ఫాంటు చాలు. అక్రిలిక్ అక్షరాలు కోయిస్తే మాత్రం స్లాబ్ భలే పనికొస్తుంది, కొసలు విరగవు, లోపల ఎల్ఈడీకి చోటుంటుంది. ఫైలు ఇచ్చేముందు అక్షరాల్ని కర్వ్స్‌లోకి, అంటే ఫాంటుతో పనిలేని గీతల బొమ్మల్లోకి మార్చండి, కోసేవాళ్ల సిస్టంలో ఆ ఫాంటు లేకపోతే వేరేది వచ్చి కూర్చుంటుంది.