పైథాన్ ప్రాజెక్టు సర్దుకుందాం, 3వ పాఠం: డెవ్ లైబ్రరీలు వేరు, ప్రొడక్షన్ లైబ్రరీలు వేరు

పోయిన పాఠంలో వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ పెట్టుకుని, పైప్రాజెక్ట్ ఫైల్లో డిపెండెన్సీలు రాసుకున్నాం కదా, ఆ లిస్టు ఓసారి తెరవండి. వెబ్ యాప్ కట్టే జాంగో పక్కనే పైటెస్ట్ (టెస్టులు నడిపేది), రఫ్ (కోడ్‌లో తప్పులు చూసేది), మైపై (టైపులు సరిచూసేది), స్ఫింక్స్ (డాక్యుమెంటేషన్ తయారుచేసేది) కూడా ఉన్నాయా? ఇవాళ్టి పని వాటితోనే. డెవ్ లైబ్రరీలంటే కోడ్ రాసేటప్పుడు మనకి మాత్రమే కావాల్సినవి, ప్రొడక్షన్ లైబ్రరీలంటే సర్వర్ మీద యాప్ నడవడానికి కావాల్సినవి.

ఒక్కోదాన్నీ ఒకటే అడగండి: ఇది లేకపోతే సర్వర్ మీద యాప్ ఆగిపోతుందా? జాంగో లేకపోతే ఆగుతుంది, పైటెస్ట్ లేకపోతే ఏమీ కాదు. తికమక పెట్టేది గునికార్న్. మన కోడ్‌లో దాన్ని ఎక్కడా ఇంపోర్ట్ చేయం, లోకల్‌లో దాని అవసరమూ పెద్దగా రాదు, కానీ సర్వర్ మీద యాప్‌ని నడిపేదే అది కాబట్టి ప్రొడక్షన్ వైపే ఉండాలి.

ప్రొడక్షన్‌వి ప్రాజెక్ట్ విభాగంలోని డిపెండెన్సీస్ కిందే ఉంచి, డెవ్‌వి డిపెండెన్సీ గ్రూప్స్ అనే విడి విభాగంలోకి మార్చండి. 2024 అక్టోబరులో ఆమోదం పొందిన పెప్ 735తో (పెప్ అంటే పైథాన్‌లో మార్పుల కోసం రాసే ప్రతిపాదన) వచ్చిన పద్ధతి ఇది, పిప్ 25.1 నుంచి గ్రూప్ ఆప్షన్‌తో నేరుగా ఇన్‌స్టాల్ చేసుకోవచ్చు. చాలామంది వీటిని అదే ఫైల్లోని ఆప్షనల్ డిపెండెన్సీస్‌లో పెడుతుంటారు, నాకది నచ్చదు. అక్కడ పెట్టినవి ప్యాకేజీ మెటాడేటాలోకి, అంటే ప్యాకేజీతోపాటు వెళ్లే వివరాల్లోకి ఎక్కి మీ లైబ్రరీ వాడేవాళ్లకీ కనిపిస్తాయి, గ్రూపులైతే బయటికి పోవు. పిప్ బదులు యూవీ అనే టూల్ వాడేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి: సింక్ కమాండ్ మీరు అడగకపోయినా డెవ్ గ్రూపుని కూడా ఇన్‌స్టాల్ చేసేస్తుంది, అందుకే సర్వర్ మీద నో డెవ్ ఆప్షన్ ఇవ్వాలి. అలాంటిదే ఇంకో టూల్ పొయెట్రీలో అయితే ఓన్లీ మెయిన్ ఆప్షన్.

విడదీశాక అసలు చిక్కు బయటపడుతుంది. స్ఫింక్స్ తనతోపాటు రిక్వెస్ట్స్‌ని కూడా తెచ్చుకుంటుంది. మీ కోడ్‌లో ఎక్కడో రిక్వెస్ట్స్ ఇంపోర్ట్ చేశారు, లిస్టులో మాత్రం రాయలేదనుకోండి. లోకల్‌లో ఏ టెన్షన్ లేకుండా నడుస్తుంది, టెస్టులన్నీ పాసవుతాయి, సర్వర్‌కి వెళ్లగానే మాడ్యూల్ నాట్ ఫౌండ్ ఎర్రర్. టెస్టులు నడిచేది డెవ్ లైబ్రరీలన్నీ ఉన్న చోటే కాబట్టి అవి దీన్ని పట్టుకోలేవు.

అందుకే ఈ పాఠానికి అభ్యాసం ఇది: ఖాళీగా ఇంకో వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ చేసుకుని, ప్రొడక్షన్‌వి మాత్రమే ఇన్‌స్టాల్ చేసి యాప్ నడపండి. స్టార్ట్ అయిందని వదిలేయకండి, ఫంక్షన్ లోపల రాసిన ఇంపోర్ట్ ఆ ఫంక్షన్ నడిచినప్పుడే విరుగుతుంది. ముఖ్యమైన పేజీలన్నీ తెరిచి, ఎర్రర్ వచ్చిన ప్రతి లైబ్రరీనీ డిపెండెన్సీస్‌లో రాయండి.