హాట్ అండ్ కోల్డ్ ఏసీని మనమే చూసుకుందాం: 3వ పాఠం, ఔట్‌డోర్ కడగడం

ఫిల్టర్లు, డ్రెయిన్ పైపు పోయిన రెండు పాఠాల్లో అయిపోయాయి. ఆ పనులు ఏ ఊళ్లో ఉన్నవాళ్లకైనా ఒకటే. ఒంగోలు, కావలి, నెల్లూరు వైపు ఉన్నవాళ్లకి మాత్రం అసలు పాఠం ఇది, అంటే ఇంటి బయట పెట్టే పెట్టె (ఔట్‌డోర్) కడగడం, ఎందుకంటే సముద్రం దగ్గర ఎండ కంటే ముందు ఉప్పుగాలే మిషన్‌ని తినేస్తుంది.

సముద్రం ఒడ్డునున్న కొత్తపట్నంలో మా అక్క వాళ్ల అత్తగారికి కీళ్ల నొప్పులు. ధనుర్మాసంలో తెల్లవారుజామున చలికి లేవలేకపోతోందని, వేడిగాలి కూడా ఇచ్చే ఈ రకం ఏసీ పెట్టించారు. నాలుగో ఎండాకాలానికి చల్లదనం తగ్గింది. "గ్యాస్ అయిపోయిందంట రా, నింపించాం, నెలన్నరకి మళ్లీ అంతే" అని అక్క ఫోన్ చేస్తే వెళ్లాను. టార్చి వేసి ఔట్‌డోర్ వెనక చూస్తే అల్యూమినియం రేకుల మీద పిండి చల్లినట్టు తెల్లటి పొడి. వేలితో తాకానో లేదో కింది వరస రేకులు అప్పడం ముక్కల్లా రాలిపోయాయి. పక్కనే రాగి గొట్టం వంపు దగ్గర నూనె మరక. కంప్రెసర్ నూనె గ్యాస్‌తో పాటే తిరుగుతుంది కాబట్టి, ఆ మరక ఉన్నచోట లీకు ఉందని అనుమానించాలి. గ్యాస్ వాడితే అరిగేది కాదండీ, మూసిన గొట్టాల్లో తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారిందనే. లీకు మూయకుండా ఏటా నింపించుకోవడం డబ్బు దండగ.

ఆ రేకులు మిల్లీమీటరులో పదో వంతు మందం. రాగికి ఆనుకుని ఉన్న అల్యూమినియం మీద ఉప్పు తడి చేరితే ముందు అల్యూమినియమే పోతుంది. మామూలు ఏసీలో ఔట్‌డోర్ కాయిల్ (రేకులు తొడిగిన ఆ రాగి గొట్టాలు) ఎప్పుడూ వేడిగా, పొడిగా ఉంటుంది. మనది హీట్‌లో పెట్టగానే ఫోర్ వే వాల్వ్ గ్యాస్ దారి తిప్పేస్తుంది, బయట కాయిల్ చల్లబడి గాల్లో తేమ పడుతుంది, ఆ తడికి ఉప్పూ దుమ్మూ అతుక్కుంటాయి. చీమకుర్తి వైపు ఉన్నవాళ్లకి గ్రానైట్ పొడి కూడా తోడు. అందుకే మనం ఎండాకాలం ముందు ఒకసారి, సంక్రాంతి వెళ్లాక ఒకసారి కడగాలి. సముద్రానికి దగ్గరగా ఉంటే నెలకోసారి, వాయుగుండం వచ్చి వెళ్లిన వారంలో తప్పకుండా.

ముందు ఎంసీబీ (ఏసీకి కరెంటు వెళ్లే మెయిన్ స్విచ్) ఆపండి. రిమోట్‌తో ఆపితే చాలదు. పది నిమిషాలు ఆగండి, ఔట్‌డోర్ లోపలి ఇన్వర్టర్ బోర్డు కెపాసిటర్లలో కరెంటు కాసేపు నిలిచి ఉంటుంది. మూత విప్పే పని మీకు వద్దు. మెత్తటి బ్రష్‌తో రేకులు ఎటు నిలువుగా ఉంటే అటే, పైనుంచి కిందికి దుమ్ము దులపండి. తర్వాత మొక్కలకి పోసేంత ధారతో మంచినీళ్లు, పైనుంచే. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే వాటితో కడగడం దండగే, రెండు బకెట్లు మున్సిపల్ నీళ్లు పట్టుకోండి. వైర్లు వెళ్లే పక్క మీద ధార పడకూడదు. బండ్లు కడిగే ప్రెషర్ గన్ పెడితే రేకులు వంగి గాలి దారి మూసుకుపోతుంది. సర్వీసుకి వచ్చినవాళ్లు యాసిడ్ కొడతామంటే మొహమాటపడకుండా వద్దనండి, మురికితో పాటు రేకు కూడా కరుగుతుంది. అరగంట ఆరనిచ్చి ఆన్ చేయండి.

హీట్ పెట్టినప్పుడు కొన్నింటికి టెన్షన్ పడక్కర్లేదు. మోడ్ మారేటప్పుడు బుస్సుమని చప్పుడు వస్తుంది. లోపలి ఫ్యాన్ రెండు మూడు నిమిషాలు కదలదు, కాయిల్ వేడెక్కాకే తిరుగుతుంది. ఔట్‌డోర్ కింద నీళ్లు కారతాయి, కింది వాటా వాళ్ల బట్టల మీద పడకుండా చిన్న పైపు పెట్టించండి. కానీ ఔట్‌డోర్ మీద మంచు పేరుకుంటే మాత్రం ఆపేసి మెకానిక్‌ని పిలవండి. మన చలికి అలా కాకూడదు.

ఈసారి హోంవర్క్: కడగడానికి ముందు కూల్‌లో పదిహేను నిమిషాలు నడిపి, ఇండోర్ పైన లోపలికి పోయే గాలి దగ్గర, కింద బయటికొచ్చే గాలి దగ్గర డిజిటల్ థర్మామీటర్ పెట్టి రెండూ రాసుకోండి. మామూలుగా 8 నుంచి 12 డిగ్రీల తేడా ఉండాలి. కడిగి ఆరాక మళ్లీ చూడండి. శుభ్రంగా ఉన్న మిషన్ 8 కూడా దాటకపోతే ఆ రెండు అంకెలూ దగ్గర పెట్టుకోండి, 4వ పాఠంలో లీకు వెతికేటప్పుడు అక్కడినుంచే మొదలుపెడతాం.