అమెరికాలో బ్రెయిన్ హెమరేజ్ తర్వాత కోలుకోవడం: తేడాలు ఎక్కడ పుడతాయి, కుటుంబం ఏం అడగాలి

అమెరికాలో మెదడులో రక్తస్రావం అందరినీ ఒకే వయసులో పట్టదు, అందరినీ ఒకేలా వదలదు. నల్లజాతివారు, హిస్పానిక్‌లు, తెల్లవారు వెయ్యిమంది చొప్పున మూడువేల మంది రోగులను పరిశీలించిన ఎరిక్ అధ్యయనంలో, మొదటి రెండు వర్గాలవారు తక్కువ వయసులోనే ఈ జబ్బున పడుతున్నారనీ, వారిలో మందు వాడని రక్తపోటు ఎక్కువనీ తేలింది. రక్తస్రావం మళ్ళీ జరిగే ప్రమాదం కూడా వారికే ఎక్కువని తర్వాతి పరిశోధనల్లో కనిపించింది. దీన్ని జన్యువుల మీదికి నెట్టేయడం సులువే గాని, నా దృష్టిలో తేడా చాలావరకు భాష, బీమా, డిశ్చార్జి వంటి మామూలు మలుపుల దగ్గరే పుడుతుంది. ఇక భారతీయుల సంగతి లెక్కల్లో సరిగా కనిపించదు. చైనా, వియత్నాం, ఫిలిప్పీన్స్ మూలాలవారితో కలిపి మనవారిని చాలాకాలం 'ఏషియన్' అన్న ఒకే గడిలో వేశారు. ఉపవర్గాలను విడదీసి నమోదు చేయాలన్న ప్రమాణం సమాఖ్య సంస్థలన్నింటికీ వర్తించేలా 2024లో గాని రాలేదు.

అక్కడ ఉన్న అమ్మకో నాన్నకో ఈ జబ్బు చేస్తే, మొదట అడగవలసింది దుబాసీని. సమాఖ్య నిధులు తీసుకునే ఆసుపత్రి అర్హత గల దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేయాలి. మీరే తెచ్చుకోమని ఒత్తిడి చేయకూడదు. ఫోనులోనో వీడియోలోనో తెలుగు దొరుకుతుంది. మనమే ఉన్నాం కదా అనుకోకండి. ఎడమ చేయి ఎలా ఉందని థెరపిస్టు అడుగుతుంది, అమ్మ 'పర్లేదు' అంటుంది, కొడుకు దాన్ని 'ఓకే' అని చెబుతాడు. అమ్మ ఉద్దేశం 'ఓర్చుకుంటున్నాను' అని. చార్టులోకి మాత్రం ఇబ్బంది ఏమీ లేనట్టు ఎక్కుతుంది, ఆ చార్టునే రేపు బీమా కంపెనీ చదువుతుంది. 'తిమ్మిరి', 'కళ్ళు తిరగడం' వంటి మాటల దగ్గర కూడా ఇలాగే అర్థం జారిపోతుంది.

మొదటి రెండు రోజుల్లో, ఆయువు నిలిపే చికిత్సను ఎంతవరకు కొనసాగించాలని వైద్యులు కుటుంబాన్ని అడగవచ్చు. రోగి ముందుగా తన కోరికను రాసి ఉంచకపోతే, చికిత్సను పరిమితం చేసే కొత్త నిర్ణయాలను ఆసుపత్రిలో కనీసం రెండో పూర్తి రోజు వరకు వాయిదా వేయడం సబబని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2022 మార్గదర్శకాలు చెబుతున్నాయి. తొందరపెడుతున్నట్టు అనిపిస్తే ఆ సంగతి మర్యాదగా గుర్తు చేయవచ్చు.

అసలు పోరాటం డిశ్చార్జి దగ్గర ఉంటుంది. డిశ్చార్జి ఏర్పాట్లు చూసే కేస్ మేనేజర్ ఒక మధ్యాహ్నం నర్సింగ్ హోముల జాబితా (మన దగ్గరి చిన్న ఆసుపత్రులు కావు, నర్సుల సంరక్షణలో ఉంచే కేంద్రాలు) పట్టుకొని వచ్చి, సాయంత్రానికి ఒకటి ఎంచుకోమంటారు. ఆ జాబితా అందుకునే ముందు, ఇన్‌పేషెంట్ రిహాబ్‌కు ఎందుకు పంపడం లేదని అడగండి. అక్కడ సాధారణంగా రోజుకు మూడు గంటల చొప్పున వారానికి ఐదు రోజులు ఫిజియో, ఆక్యుపేషనల్, స్పీచ్ థెరపీ ఇస్తారు, వైద్యుడు తరచూ చూస్తాడు. జాబితాలోని స్కిల్డ్ నర్సింగ్ కేంద్రంలో థెరపీకి అంత తీవ్రత ఉండదు. అర్హత ఉన్న పక్షవాత రోగులకు ఇన్‌పేషెంట్ రిహాబే మేలని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2016లో సిఫారసు చేసింది. రోగి మూడు గంటలు తట్టుకోగలడా అన్నది థెరపిస్టు రాసే మాటను బట్టి ఉంటుంది గనుక, మగతగా ఉన్న సమయంలో చేసిన పరీక్షే చివరిమాట కాకుండా మరోసారి చూడమని కోరండి. బీమా కంపెనీ నిరాకరిస్తే, మీ వైద్యుడు వారి వైద్యుడితో నేరుగా మాట్లాడే 'పీర్ టు పీర్' చర్చను, ఆపైన 72 గంటల్లో తేల్చవలసిన అత్యవసర అప్పీలును అడగండి. చూడటానికి వచ్చిన తల్లిదండ్రుల విజిటర్ బీమా పాలసీ రిహాబ్‌కు వర్తిస్తుందో లేదో మొదటి రోజే చదివి చూసుకోవాలి. అత్యవసర వైద్యాన్ని 1986 నాటి చట్టం కాపాడుతుంది గాని, పరిస్థితి కుదుటపడ్డాక అవసరమయ్యే థెరపీని కాదు.

మూడు నెలలకు నడవలేకపోతే ఇక ఇంతే అనేవారి మాట వినకండి. రక్తస్రావం తర్వాత మెరుగుదల ఏడాది వరకు కొనసాగవచ్చు. ఆగిపోయిన థెరపీని మళ్ళీ రాయమని అడగడం తప్పు కాదు.

ఇంట్లో రక్తపోటును రోజూ చూసి రాసి పెట్టండి. మార్గదర్శకాలు చెప్పే దీర్ఘకాలిక లక్ష్యం 130/80, మీవారి సంగతి మాత్రం డాక్టరే తేల్చాలి. ఆహార నిపుణురాలు ఇచ్చే కాగితంలో డబ్బా సూపులు, చిప్సు మానమని ఉంటుంది. ఆవకాయ, ఊరమిరపకాయలు, అప్పడాల పేర్లు అందులో ఉండవు గనుక, నాన్న అన్నీ పాటిస్తున్నాననే నమ్మకంతో పెరుగన్నంలో ఆవకాయ నంజుకుంటూనే ఉంటాడు. ఆవకాయ సీసా మీది లేబులును ఆ నిపుణురాలికి చూపించి, ఒక చెంచాకు ఎంత ఉప్పో లెక్కకట్టి కాగితంలో రాయించుకోండి.