పడిపోయిన మానును వించ్‌తో లాగి ట్రక్కుకెక్కించడం

తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస సమీపంలో తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి, పనస, మామిడి చెట్లు వేళ్లతో సహా నేలకు ఒరిగాయి. కొబ్బరి మాను వంటచెరకుగా అంతంత మాత్రమే గానీ, జీడి, పనస, మామిడి మొద్దులు ఇంటి పొయ్యికీ ఇటుక బట్టీకీ బాగా పనికి వస్తాయి. వాటిని తోటలోంచి దారి దాకా తేవడానికి క్రేను లోపలికి రాలేదు, కూలీలు దొరకలేదు. అప్పుడు మా ఇంట్లో చేతి వించ్‌తో, అంటే చేత్తో ఆడిస్తూ తాడుతో బరువులు లాగే యంత్రంతో, పని మొదలుపెట్టాం. ఆ నెల రోజుల్లో నేర్చుకున్నదాంట్లో ముఖ్యమైనది ఒకటే: యంత్రం బలాన్ని పెంచుకోవాలని చూసే ముందు, మొద్దుకు ఎదురయ్యే అడ్డును తగ్గించాలి. తాడు మీద పడే బరువు ఎంత తగ్గితే, పక్కన నిలబడ్డ మనిషికి అంత క్షేమం.

ముందుగా మొద్దు బరువు లెక్కగట్టాలి. పచ్చి కర్ర బరువును నీటి బరువుతో సమానమనుకుంటే, అంటే ఘనమీటరుకు 1000 కిలోలు అనుకుంటే, పెద్దగా పొరపాటు రాదు. మొద్దు అడ్డుకొలతను మీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, ఆపై 0.785తోనూ, పొడవుతోనూ గుణిస్తే ఘనమీటర్లు వస్తాయి. 60 సెంటీమీటర్ల అడ్డుకొలత, 3 మీటర్ల పొడవు ఉన్న మామిడి మొద్దు ఈ లెక్కన దాదాపు 850 కిలోలు తూగుతుంది. అదే మొద్దును మీటరు చొప్పున మూడు ముక్కలు చేస్తే ఒక్కొక్కటి 280 కిలోలకు దిగుతుంది. పొయ్యికి వెళ్లే కర్రను ఎలాగూ ముక్కలు చేయక తప్పదు కాబట్టి, పడ్డచోటే కోయగలిగినంత కోయడం మంచిది. రంపానికి అందనంత లావున్న మొదలు భాగానికీ, కోతమిల్లుకు పంపే మానుకూ మాత్రమే వించ్ అవసరం.

వేళ్లతో లేచి పడిన చెట్టు విషయంలో ఒక ప్రమాదం ఉంది. మానును మొదలు దగ్గర కోసిన క్షణాన, దాని బరువుతో ఇన్నాళ్లూ పైకి లేచి ఉన్న వేళ్లగడ్డ ఒక్కసారిగా వెనక్కి తిరిగి గుంటలో కూర్చుంటుంది. అందువల్ల కోత మొదలుపెట్టే ముందే వేళ్లగడ్డను వించ్ తాడుతో గట్టిగా పట్టి ఉంచాలి, గుంట దరిదాపులకు ఎవరినీ, ముఖ్యంగా పిల్లలను, రానివ్వకూడదు. నిలబడి ఉన్న చెట్టును కొట్టాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి కావాలి. కలపను రోడ్డెక్కించే ముందు కూడా అటవీ రేంజి కార్యాలయంలో ఒక మాట అడిగి వెళ్లడం మంచిది.

తోట పనికి నాకు బాగా నచ్చింది, మన పనివాళ్లు టిర్ఫర్ అని పిలిచే లీవరు వించ్. దీనికి తాడు చుట్టుకునే డ్రమ్ము ఉండదు. ఇనుప తీగలు పేనిన వైర్‌రోపు యంత్రం గుండా దూరి వెళుతుంది, లోపలి దవడలు ఒకటి విడుస్తుంటే ఇంకొకటి పట్టుకుంటూ రోపును కొద్దికొద్దిగా లాగుతాయి. కాబట్టి రోపు ఎంత పొడవుంటే అంత దూరం నుంచి లాగవచ్చు. 800, 1600, 3200 కిలోల సామర్థ్యాల్లో దొరుకుతుంది, మన పనికి 1600 సరిపోతుంది. లీవరులో షియర్ పిన్నులు ఉంటాయి. బరువు మితిమీరితే యంత్రమూ రోపూ దెబ్బతినకముందే ఆ పిన్నులు తెగి లీవరు వదులైపోతుంది. అవి తెగినప్పుడు అందుబాటులో ఉందని మేకును దిగగొట్టి పని సాగించేవాళ్లను చూశాను. దయచేసి ఆ పని చేయకండి. పిన్ను తెగిందంటే మొద్దు ఎక్కడో తగులుకుందని అర్థం, ఆ అడ్డు తీసి, అసలు పిన్నే వేయాలి.

ట్రాక్టరు బ్యాటరీతో నడిచే కరెంటు వించ్‌కు ఇంకొక లెక్క ఉంది. దాని మీద రాసిన సామర్థ్యం డ్రమ్ము మీద మొదటి వరస రోపుకే వర్తిస్తుంది, పైన వరసలు చుట్టుకుంటున్న కొద్దీ లాగే శక్తి తగ్గుతుంది. అందుకని దూరం నుంచి లాగితేనే దానికి బలం ఎక్కువ. అయితే రోపు ఎంత వదిలినా డ్రమ్ము మీద కనీసం 5 చుట్లు మిగలాలి. మోటారు వేడెక్కినప్పుడల్లా ఆపి చల్లారనివ్వాలి.

వించ్‌ను దేనికి కట్టామన్నదే ఈ పనికంతటికీ ఆయువుపట్టు. తుపాను తర్వాత నిటారుగా నిలబడ్డ చెట్టును చూసి గట్టిదనుకోవడం సహజం, మేమూ అలాగే ఒక జీడిచెట్టుకు వించ్ కట్టాం. పనస మొద్దు ఒక బోదె గట్టుకు తగులుకుని ఆగినా లీవరు కొడుతూనే ఉన్నాం. ఉన్నట్టుండి జీడిచెట్టు మొదట్లో ఇసుక బీటలు వారి, చెట్టు మొద్దు వైపుకు ఒరిగింది. గాలికి దాని వేళ్లు అప్పటికే లోపల తెగి ఉన్నాయి. లీవరు దగ్గరున్న మా మేనమామ రోపుకు పక్కగా నిలబడి ఉండడం వల్ల తప్పించుకున్నాడు. అప్పటి నుంచి చెట్టుకు కట్టే ముందు దాని మొదట్లో నేల కదిలిందా, బీటలున్నాయా అని గునపంతో గుచ్చి చూస్తాం. వెడల్పాటి బెల్టును నేలకు దగ్గరగా చుడతాం, ఇంకొక చెట్టుకు వెనుక నుంచి రెండో కట్టు వేస్తాం. నమ్మదగిన చెట్టు లేనిచోట, లాగే దిశకు అడ్డంగా మీటరు లోతు కందకం తవ్వి, అందులో ఒక దుంగను పడుకోబెట్టి, దాని నడుముకు గొలుసు చుట్టి, గొలుసు బయటికి వచ్చేలా ఏటవాలుగా గాడి తీసి మట్టి కూరితే, ఇసుక నేలలో కూడా అది బాగా నిలబడుతుంది. ట్రాక్టరునే ఆధారం చేసుకుంటే తాడును వెనుక ట్రక్కు తగిలించే కింది కడ్డీకే (డ్రాబారుకే) తగిలించాలి. వెనుక ఇరుసు కంటే పైన కడితే ముందు చక్రాలు లేచి ట్రాక్టరు డ్రైవరు మీదికే తిరగబడుతుంది.

మొద్దుకు తాడు వేసే ముందు కొమ్మల మొండాలను చదునుగా చెక్కేయాలి, ముందు చివర అంచును పడవ ముక్కులా ఏటవాలుగా కోయాలి. ఈ పావుగంట పని చేయకపోతే మొద్దు మట్టిలోకి దిగబడి, బరువుకు సగమో ముప్పావో సరిపోవలసిన లాగుడు మొత్తం బరువును మించిపోతుంది. పాత ఇనుప పీపాను నిలువునా చీల్చిన రేకు మీద ముందు చివరను ఎక్కించినా, దారి పొడవునా సరుగుడు దుంగలు అడ్డంగా పరిచినా లాగుడు బాగా తేలికవుతుంది. అప్పటికీ చాలకపోతే మొద్దుకు కప్పీ తగిలించి, రోపును దాని గుండా తిప్పి తెచ్చి వించ్ దగ్గరే కట్టాలి. లాగే బలం దాదాపు రెట్టింపవుతుంది, వేగం సగమవుతుంది. మూల తిప్పడానికి కప్పీని చెట్టుకు కట్టినప్పుడు మాత్రం, రోపు మలుపును బట్టి ఆ చెట్టు మీద వించ్ లాగుడుకు రెండింతల దాకా భారం పడుతుందని గుర్తుంచుకోవాలి.

వైర్‌రోపు కొసను ఉచ్చులా మడిచి క్లిప్పులు వేసేటప్పుడు కనీసం మూడు వేయాలి, దిమ్మె భాగం బరువు మోసే రోపు మీదా, యు-బోల్టు మడిచిన కొస మీదా ఉండాలి. మెలిపడిన రోపును, తీగలు తెగి ముళ్లలా లేచిన రోపును పక్కన పడేయాలి. తోలు గ్లౌజులు లేకుండా రోపును ముట్టుకోకూడదు. నైలాన్ మోకును ఈ పనికి వాడకండి, అది రబ్బరులా సాగి, తెగినప్పుడు హుక్కుతో సహా వెనక్కి కొడుతుంది. వైర్‌రోపు కూడా తెగితే కొట్టకుండా దాని నడిమధ్యన తడి గోనెసంచి వేలాడదీయాలి, హుక్కు నోరు ఆకాశం వైపు ఉండేలా తగిలించాలి. సైగ చేసేది ఒక్కరే అయి ఉండాలి, ఆగమన్న సైగ మాత్రం ఎవరు చేసినా ఆగాలి. బిగిసిన తాడును ఎవరూ దాటకూడదు, మలుపు లోపలి పక్కన ఎవరూ నిలబడకూడదు.

ట్రక్కుకెక్కించడానికి పైకెత్తనక్కరలేదు, దొర్లించడమే తేలిక. ట్రక్కును ట్రాక్టరుకు తగిలించే ఉంచి, బ్రేకు వేసి, చక్రాలకు రాళ్లు అడ్డు పెట్టి, పక్క తలుపు దించాలి. మీటరు ఎత్తున్న ట్రక్కుకు 3 మీటర్లకు తగ్గని తాటి దూలాలు రెండు ఆనించి, పై కొసలు జారకుండా కట్టేయాలి. రెండు తాళ్ల కొసలను ట్రక్కు అంచుకు కట్టి, మొద్దు కింది నుంచి తీసి, చుట్టి పై నుంచి వెనక్కి తెచ్చి, ట్రక్కు మీదుగా అవతలి పక్కనున్న వించ్ హుక్కుకు కలపాలి. వాలు వల్ల బరువు మూడో వంతుకు, దొర్లడం వల్ల అందులోనూ సగానికి పడిపోతుంది. 850 కిలోల మొద్దుకు లెక్క ప్రకారం 140 కిలోల పైచిలుకు, ఒరిపిడి కలుపుకుంటే 200 కిలోల లాగుడు చాలు. లావు చివర ముందుకు పరుగెడుతుంది కాబట్టి, ఆపి దాని కింద చెక్క చీల పెట్టి, సన్న చివరను గునపంతో సరిచేసుకోవాలి. అడుగడుగుకూ వెనుక చీలలు వేసే మనిషి కూడా దూలాల పక్క నుంచే, పొడవాటి కర్రతో నెట్టాలి, మొద్దుకు దిగువన మాత్రం ఎవరూ ఉండకూడదు.

దించేటప్పుడు కాలితో తన్ని వదిలేయకుండా, అవే దూలాల మీద అదే తాడును కొద్దికొద్దిగా సడలిస్తూ దించాలి. పని ముగిశాక రోపుకు అంటిన ఇసుకను బ్రష్షుతో దులిపి, నూనె గుడ్డతో తుడిచి, చుట్టి, నేలకు తగలకుండా కొక్కేనికి వేలాడదీయాలి. లీవరు పిడిలో దాచుకునే అదనపు పిన్నులు ఎన్ని మిగిలాయో ఆ పూటే చూసుకుని, తక్కువైతే మర్నాడే తెచ్చి పెట్టుకోవాలి.