షెవెల్‌లో 454 బిగ్ బ్లాక్: ఇంజన్ మార్చాక ఎదురయ్యే సమస్యలు, వాటి కారణాలు, పరిష్కారాలు

1968 షెవర్లే షెవెల్ మాలిబులో కంపెనీ అమర్చిన 307 క్యూబిక్ అంగుళాల స్మాల్ బ్లాక్‌ను (షెవర్లే చిన్న వీ8 ఇంజన్‌ను) దించి, ఆ స్థానంలో 454 క్యూబిక్ అంగుళాల బిగ్ బ్లాక్‌ను (పెద్ద వీ8ను) ఎక్కించాలన్న కోరిక అమెరికాలోని పాత కార్ల ప్రియులలో చాలామందికి ఉంటుంది. మధ్యతరహా కార్లలో 400 క్యూబిక్ అంగుళాలకు మించిన ఇంజన్ పెట్టరాదన్న నిబంధనను జనరల్ మోటార్స్ 1970 మోడళ్లతో ఎత్తివేసి, ఇదే తరం షెవెల్‌లో తానే 454ను అమర్చింది గనుక, ఆ ఇంజన్ బానెట్ కింద ఇముడుతుందా అన్న సందేహానికి తావు లేదు. ఇబ్బంది వేరే చోట ఉంది: మాలిబులో ఇంజన్ చుట్టూ ఉన్న ప్రతి భాగమూ 200 హార్స్‌పవర్‌ను దృష్టిలో ఉంచుకుని తయారైనదే. కింద చెప్పిన లక్షణాలలో దాదాపు ఏదీ ఇంజన్ లోపం వల్ల వచ్చేది కాదు. అందుచేత బడ్జెట్ వేసుకునేటప్పుడు చుట్టుపక్కల భాగాలకు ముందు డబ్బు కేటాయించి, ఇంజన్‌ను చివర కొనడమే మేలని నా అభిప్రాయం.

పని మొదలుపెట్టే ముందు చాసిస్ నంబరును ఒకసారి చూడండి. 1968 షెవెల్‌లో అది 138తో మొదలైతే ఆ బండి అసలైన ఎస్ఎస్ 396, అంటే కంపెనీయే 396 బిగ్ బ్లాక్ అమర్చిన షెవెల్, అని అర్థం. అటువంటి బండిని కోసి మార్పులు చేయడం తగదు. 136తో మొదలయ్యే మాలిబు అయితే నిశ్చింతగా ముందుకు సాగవచ్చు. దించిన ఇంజన్‌ను మాత్రం అమ్మకుండా దాచి ఉంచండి.

లక్షణం: బండి నిలబడి ఉండగానే, ఇంజన్ వేగం పెంచేకొద్దీ విపరీతంగా వణుకుతుంది

396, 427 బిగ్ బ్లాక్ ఇంజన్లకు సమతూకం క్రాంక్‌షాఫ్ట్‌లోనే ఉంటుంది. 454కు అలా కాదు. క్రాంక్‌షాఫ్ట్ ముందు కొసన వణుకును తగ్గించే హార్మోనిక్ బ్యాలెన్సర్‌లోను, వెనుకనున్న ఫ్లెక్స్‌ప్లేట్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కైతే) లేదా ఫ్లైవీల్‌లోను (మాన్యువల్‌కైతే) అదనపు బరువు ఉండాలి. బోల్టులు కుదిరాయి కదా అని పాత ఫ్లెక్స్‌ప్లేట్‌నే బిగిస్తే వణుకు తప్పదు, అలాగే నడిపితే బేరింగులు పాడవుతాయి. ఆ రెండు భాగాలనూ 454కు ఉద్దేశించినవే తీసుకోవాలి. 1991 తర్వాతి ట్రక్కుల నుంచి తీసిన 454 అయితే వెనుక ఆయిల్ సీల్ ఒకే ముక్కగా ఉంటుంది కనుక దానికి తగిన ఫ్లెక్స్‌ప్లేట్ వేరు. నిలబడి ఉన్నప్పుడు నెమ్మదిగానే ఉండి, గంటకు 60 మైళ్లు దాటాక మాత్రమే వణుకు మొదలైతే ఇంజన్‌ను వదిలేసి డ్రైవ్‌షాఫ్ట్ కోణాన్నీ, దాని బ్యాలెన్స్‌నూ పరీక్షించండి.

లక్షణం: ఇంజన్ వేడెక్కాక స్టార్టర్ తిరగదు, చల్లారాక మామూలుగా తిరుగుతుంది

హెడర్ల గొట్టాలు (ఇంజన్ పొగను బయటికి తీసుకుపోయేవి) స్టార్టర్‌కు అతి దగ్గరగా వెళ్లడం వల్ల దాని విద్యుత్ స్విచ్ అయిన సొలినాయిడ్ వేడెక్కి, చాలినంత కరెంటును లాగలేకపోతుంది. స్టార్టర్‌కు ఉష్ణకవచం కట్టడం ఒక మార్గం. చిన్న గేర్ రిడక్షన్ స్టార్టర్‌కు మారడం అంతకంటే మంచి మార్గం. అంతకుముందు బ్యాటరీ కేబుళ్ల మందాన్నీ, ఇంజన్ నుంచి ఫ్రేముకు వెళ్లే ఎర్త్ తీగనూ సరిచూడాలి, ఎందుకంటే తుప్పు పట్టిన ఎర్త్ కూడా సరిగ్గా ఇదే లక్షణాన్ని చూపిస్తుంది. స్టార్టర్ పళ్లు కరకరమని అరుస్తుంటే మాత్రం అది వేరే సంగతి: ఫ్లెక్స్‌ప్లేట్‌కు 153 పళ్లున్నాయో 168 పళ్లున్నాయో లెక్కపెట్టి, దానికి సరిపోయే స్టార్టర్ ముక్కును ఎంచుకోవాలి.

లక్షణం: ఉష్ణోగ్రత అదుపులో ఉండదు

ఎక్కువ మందిని వేధించేది ఇదే. రేడియేటర్‌ను మార్చేయడానికి తొందరపడే ముందు, ఏ వేగంలో వేడెక్కుతున్నదో గమనించడం ముఖ్యం. ట్రాఫిక్‌లో నిలబడినప్పుడు వేడెక్కి, రహదారి మీద చల్లబడుతుంటే లోపం గాలి ప్రసరణలో ఉంది. రహదారి మీద, ఎత్తు ఎక్కేటప్పుడు వేడెక్కుతుంటే రేడియేటర్ సామర్థ్యం గానీ నీటి ప్రసరణ గానీ చాలడం లేదు.

మొదటి సందర్భంలో ఫ్యాన్ ష్రౌడ్‌ను, అంటే ఫ్యాన్ చుట్టూ ఉండే తొడుగును, చూడండి. బిగ్ బ్లాక్ పొడవు ఎక్కువ కనుక ఫ్యాన్ ముందుకు జరుగుతుంది, పాత ష్రౌడ్ కుదరక చాలామంది దానిని తీసి పక్కన పెడతారు. ష్రౌడ్ లేని ఫ్యాన్ రేడియేటర్ మొత్తం వెడల్పు నుంచి గాలిని లాగలేదు. బిగ్ బ్లాక్‌కు తగిన ష్రౌడ్‌ను అమర్చి, ఫ్యాన్ రెక్కల వెడల్పులో సుమారు సగం దాని లోపల, సగం బయట ఉండేటట్లు చూసుకోవాలి. ఇగ్నిషన్ టైమింగ్ వెనుకబడి ఉన్నా నిలకడ వేగంలో ఇంజన్ వేడెక్కుతుంది. నిప్పు ఆలస్యంగా రాజుకుంటే ఆ వేడిలో అధిక భాగం ఎగ్జాస్ట్ దారి గోడలకు, అక్కడి నుంచి నీటికి చేరుతుంది. టైమింగ్‌ను ముందుకు జరిపే వాక్యూమ్ అడ్వాన్స్ గొట్టం ఊడిపోయి ఉంటే ముందు దానిని తగిలించండి. రెండో సందర్భంలో 307కు ఇచ్చిన సన్నని రేడియేటర్‌తో నెట్టుకురావడం కుదరదు. నాలుగు వరుసల రాగి-ఇత్తడి రేడియేటర్ లేదా వెడల్పు గొట్టాల అల్యూమినియం రేడియేటర్ అవసరం. థర్మోస్టాట్‌ను తీసేస్తే నయమవుతుందన్న సలహాను మాత్రం పట్టించుకోకండి. 180 డిగ్రీల ఫారన్‌హీట్‌ది అమర్చి వదిలేయండి.

లక్షణం: యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు, పై వేగాలలో ఇంజన్ నీరసిస్తుంది

కార్బ్యురేటర్ చిన్నదని అందరూ అనుకుంటారు. క్యూబిక్ అంగుళాలను గరిష్ఠ ఆర్‌పీఎమ్‌తో హెచ్చవేసి 3456తో భాగిస్తే, 5500 ఆర్‌పీఎమ్ దగ్గర 454కు నిమిషానికి కావలసిన గాలి సుమారు 722 ఘనపుటడుగులని తేలుతుంది, కాబట్టి రోడ్డు మీద నడిపే బండికి నిమిషానికి 750 ఘనపుటడుగుల కార్బ్యురేటర్ చాలినంత. అసలు దోషం చాలాసార్లు ట్యాంకు నుంచి వచ్చే 5/16 అంగుళం పెట్రోలు గొట్టానిది. దానిని 3/8 అంగుళానికి మార్చండి, ట్యాంకులోని పికప్ గొట్టాన్నీ మరువకండి.

లక్షణం: ముక్కు కిందికి వంగి ఉంటుంది, బ్రేకు పెడల్ రాయిలా గట్టిగా ఉంటుంది

పూర్తి పోత ఇనుప బిగ్ బ్లాక్ స్మాల్ బ్లాక్ కంటే 50 కిలోలకు పైగా బరువు ఎక్కువ. బిగ్ బ్లాక్ ముందు స్ప్రింగులు వేయడం తప్పనిసరి. అల్యూమినియం హెడ్లు, ఇన్‌టేక్ తీసుకుంటే ఆ తేడాలో చాలా భాగం తగ్గుతుంది. నాలుగు చక్రాలకూ డ్రమ్ములే ఉన్న బండికి ముందు డిస్కులు పెట్టకుండా ఈ ఇంజన్ ఎక్కించడాన్ని నేను సమర్థించను. బూస్టర్ (వాక్యూమ్‌తో పెడల్‌ను తేలిక చేసే భాగం) ఉండి కూడా పెడల్ గట్టిగా ఉంటే, పెద్ద క్యామ్ (వాల్వులను తెరిచే షాఫ్ట్) వల్ల ఐడిల్‌లో వాక్యూమ్ పడిపోయిందని అర్థం. వాక్యూమ్ ట్యాంకు కొంత సాయపడుతుంది గానీ, తక్కువ ఓవర్‌లాప్ (ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ కలిసి తెరిచి ఉండే సమయం) ఉన్న క్యామ్ ఎంచుకోవడమే సరైన పరిష్కారం.

లక్షణం: బయలుదేరేటప్పుడు వెనుక చక్రాలు ఎగిరెగిరి పడతాయి

షెవెల్ వెనుక యాక్సిల్‌ను నాలుగు కంట్రోల్ ఆర్ములు పట్టి ఉంచుతాయి. కింది ఆర్ములు తెరిచిన రేకు ముక్కలు కనుక 454 టార్క్‌కు మెలిపడతాయి, అరిగిన బుష్‌లు దానిని మరింత పెంచుతాయి. ఆర్ములను మూసి వెల్డింగ్ చేయడం లేదా మూసినవే కొనడం, బుష్‌లు మార్చడం, వెనుక యాంటీ రోల్ బార్ అమర్చడం ఈ క్రమంలో చేయాలి. ఎగురుడును సరిచేయకుండా నడిపితే 8.2 అంగుళాల పాత పది బోల్టుల డిఫరెన్షియల్ ఎక్కువ కాలం నిలవదు. దాని స్థానంలో 8.875 అంగుళాల పన్నెండు బోల్టులది వెతకండి. దానితో పాటు 4.10 గేరు (డిఫరెన్షియల్ నిష్పత్తి) తీసుకోవాలన్న ఆశ కలుగుతుంది, కానీ ఓవర్‌డ్రైవ్ లేని టర్బో 400 ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌తో, 27 అంగుళాల టైరు మీద గంటకు 70 మైళ్ల వేగానికి అది ఇంజన్‌ను సుమారు 3570 ఆర్‌పీఎమ్‌లో తిప్పుతుంది, 3.31 గేరుతో 2880 సరిపోతుంది. టర్బో 400 పాత పవర్‌గ్లైడ్ గేర్‌బాక్స్ కంటే పొడవైనది, దానిలోకి దూరే డ్రైవ్‌షాఫ్ట్ కొస ముక్క అయిన యోక్‌కు 32 గాడులుంటాయి కనుక క్రాస్‌మెంబర్‌ను వెనక్కి జరిపి, ట్రాన్స్‌మిషన్ తన స్థానంలో కూర్చున్న తర్వాతే కొలత తీసి డ్రైవ్‌షాఫ్ట్ చేయించాలి.